ఉప్పు నేలలో ఆనపపాదు

నౌపడ,
9-12-1968.

అమ్మకు నమస్కరించి బుజ్జమ్మ రాస్తున్నది. నేనూ, మీ అల్లుడుగారూ ఇక్కడ సుఖంగానే ఉన్నాం. నువ్వూ, నాన్నగారూ రాజాంలో ఆరోగ్యంగా తిరుగుతున్నారని నీ ఉత్తరం చూసి తెలుసుకుని మనసు కుదుటపడింది. నాన్నగారి మోకాలికి రోజూ ఆముదం వెచ్చచేసి పట్టిస్తున్నావని రాశావు. తగ్గింది కదా అని మధ్యలో మానకు. ఈ చలి పోయేదాకా పట్టించు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెప్తాను. వడియాలు, సున్నుండలు అందాయి. వడియాలు విరగలేదు. సున్నుండలు మాత్రం బస్సు కుదుపులకి సగం పొడైపోయాయి. ఆ పొడి గిన్నెలో వేసుకుని చెంచాలతో తిన్నాం, రుచికేం లోటు లేదు. నా దగ్గు పోయింది. విశేషం ఏమైనా ఉందా అని ప్రతి ఉత్తరం చివరా చిన్న అక్షరాలతో అడుగుతున్నావు. ఉన్నప్పుడు నేనే పెద్ద అక్షరాలతో రాస్తాను.

ఇక అసలు ప్రశ్న. కార్తీకమాసంలో వెంకటరావు బాబాయి మన కొట్టుకి ఉప్పు బేరం చెయ్యడానికి వచ్చి, మా ఇంట్లో కాస్సేపు కూర్చుని వెళ్ళి నీతో ఏం చెప్పాడో నీ ఉత్తరం చదివాక అర్థమైంది. అల్లుడు నీ చేత మట్టిపని చేయిస్తున్నాడా, మొహమాటం లేకుండా చెప్పు, నాన్నగారు వచ్చి తీసుకొచ్చేస్తారు అని రాశావు. అమ్మా, ఆయన ఏ పాపమూ ఎరగరు. నా అరచేతులు కాయలు కాసిన మాట నిజం. ఎండకి నల్లబడిన మాట నిజం. బాబాయి గుమ్మంలోకి వచ్చేసరికి చీర ఎగదోపుకుని మోకాళ్ళ దాకా బురదలో ఉన్నానన్నదీ నిజమే. కానీ ఎవరూ చేయించలేదు. నా అంతట నేనే చేస్తున్నాను. ఎందుకో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. నువ్వు వంటిల్లు సర్దుకుని, కళ్ళజోడు పెట్టుకుని తీరిగ్గా చదువు.

నేను ఈ ఊరు కాపరానికి వచ్చిన కొత్తలో రాసిన ఉత్తరాలు నీకు గుర్తుంటాయి. ఇంటి ముందు ఉప్పు మడులు, ఇంటి వెనక ఉప్పు మడులు, మధ్యలో తాటాకులు కప్పిన ఉప్పు గుట్టలు. పచ్చనిది చూద్దామంటే స్టేషన్లో గార్డు ఊపే జెండా తప్ప ఇంకేమీ లేదని ఒకసారి రాశాను. ఆ ఉత్తరం చదివి నాన్నగారు ఆ పూట అన్నం ముట్టలేదని తర్వాత చెప్పావు. మీ అల్లుడుగారు షావుకారుగారి ఉప్పు కొఠారులో లెక్కలు చూసుకుని పొద్దుగూకి ఇంటికి వచ్చేవారు. అప్పటిదాకా నాకు పర్లాకిమిడి వెళ్ళే చిన్నబండి రైలు కూత వినడం, నీకు ఏడుపు ఉత్తరాలు రాయడం, ఇవే పనులు.

ఈ ఫాల్గుణంలో ఒకనాడు పోపుల డబ్బా కడిగాను. అడుగున పురుగు పట్టిన ధనియాలు, మెంతులు ఉంటే అంట్లు తోమే చోట బూడిద కుప్ప మీద పారబోశాను. బియ్యం కడిగిన నీళ్ళు కూడా రోజూ అక్కడే పోసేదాన్ని. కొన్నాళ్ళకి ఒక పొద్దున చెంబు తోమడానికి వెళ్తే బూడిదలోంచి పచ్చగా, జుట్టంత సన్నగా మొలకలు లేచి ఉన్నాయి. ఒక్కొక్కదానికి రెండేసి ఆకులు. కొన్నిటి నెత్తిన ధనియం తొక్క ఇంకా టోపీలాగ ఉంది.

అమ్మా, నేను మన కొట్లో పుట్టి పెరిగినదాన్ని. సోలతో ధనియాలు, గిద్దెతో మెంతులు కొలిచి పొట్లాలు కట్టడం అక్షరాలకన్నా ముందు నేర్చుకున్నాను. అవి కొలవడానికి, వేయించడానికి, దంచడానికి ఉంటాయని తెలుసు. మొలవడానికి కూడా ఉంటాయని ఇన్నేళ్ళూ ఒక్కనాడు తట్టలేదు. అక్కడే గొంతుక్కూర్చుండిపోయాను. లోపల పొయ్యి మీద పాలు పొంగి సగం నిప్పుల పాలయ్యాయి. మీ అల్లుడుగారు వచ్చి ఏమైందని అడిగితే చూపించాను. ఆయన వంగి చూసి, కొత్తిమీర అంటే సంతలో కట్టలుగానే పుడుతుందనుకున్నావేటి అన్నారు. నాకు కోపం రాలేదు. నిజానికి అలాగే అనుకున్నాను.

ఆ కొత్తిమీర చారులో వేసిన రోజునుంచి నాకు పిచ్చి పట్టింది. టెక్కలి సంతనుంచి ఆయన చేత వంకాయ నారు తెప్పించుకుని పెరట్లో నాటాను. రోజూ పొద్దునా సాయంత్రం నూతినుంచి నీళ్ళు తోడి పోశాను. మా పెరటి నుయ్యి ఉప్పన. అంట్లకీ, స్నానాలకే పనికొస్తుంది. తాగే నీళ్ళు గున్నమ్మ అనే ఆవిడ రైలుకట్ట అవతలి మంచినీళ్ళ నూతినుంచి మోసుకొచ్చి ఇంటింటికీ పోస్తుంది. మనుషులకి పనికిరాని నీళ్ళు మొక్కలకీ పనికిరావని నాకేం తెలుసు. వారం తిరిగేసరికి ఆకుల అంచులు నిప్పుసెగ తగిలినట్టు మాడిపోయి, మొక్కలన్నీ తలలు వేలాడేసి చచ్చిపోయాయి.

పక్కింటి లక్ష్మీనరసమ్మగారు గోడ మీంచి చూశారు. ఆవిడ భర్త కూడా కొఠారు గుమాస్తాయే. ఈ ఊళ్ళో ఇద్దరు పిల్లల్ని కని పెంచి పెళ్ళిళ్ళు చేసిన మనిషి. మాట కరుకు, మనసు మంచిది.

"ఇది ఉప్పు నేలే అమ్మా. మడిసికి పనెడతాది గానీ మొక్కకి కూడెట్టదు. ఆశెట్టుకోకు" అన్నారు.

ఆవిడ లోపలికి వెళ్ళాక నేను చిటికెడు మట్టి తీసి నాలిక మీద వేసుకున్నాను. ఊరగాయ అడుగున మిగిలే ఊటలా ఉంది. ఉమ్మేసి, నోరు కడుక్కుంటూ ఉంటే ఊరమిరపకాయలు గుర్తొచ్చాయి. ఒకసారి నువ్వు పరధ్యానంలో రెండుసార్లు ఉప్పు వేసేసి, పారబొయ్యడానికి మనసొప్పక చిల్లుల పళ్ళెంలో పోసి పై నుంచి నీళ్ళు కుమ్మరించావు. గిన్నెలో నానబెడితే సరిపోదా అని నేను అడిగితే, నిలవున్న నీళ్ళలో ఉప్పు ఎక్కడికి పోతుందే, నీళ్ళు కిందికి జారిపోవాలి, ఉప్పుని వెంట తీసుకుపోవాలి అన్నావు. మా పెరడు చిల్లుల్లేని గిన్నె లాంటిది. దానికి చిల్లులు పెట్టాలి. వానాకాలం ఎలాగూ వస్తోంది.

గునపం, పార అరువు తెచ్చుకుని ఒక మూల నాలుగు చాపలు పరిచినంత మేర తవ్వాను. మొదటి రోజే చేతులు బొబ్బలెక్కాయి. అడుగున పగిలిన పెంకులు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్కలు పరిచాను. చుట్టూ లోతుగా కాలవ తీసి నీళ్ళు వీధి వైపు పోయేలా వాలు పెట్టాను. ఇక దాని మీద నడుమెత్తున మంచి మట్టి పొయ్యాలి. మంచి మట్టి నౌపడలో ఎక్కడుంది?

అప్పుడు నాన్నగారి మాట పనికొచ్చింది. సరుకు వేసుకెళ్ళిన బండి ఖాళీగా తిరిగి రాకూడదని మన కొట్లో ఎన్నిసార్లు అనలేదు. ఇక్కడినుంచి రోజూ ఉప్పు బళ్ళు టెక్కలి అవతలి ఊళ్ళకి వెళ్తాయి. ఖాళీగా వస్తాయి. మీ అల్లుడుగారితో ఈ మాట అంటే ఆయన చేత్తో అన్నం ముద్ద పట్టుకుని నా మొహం చూస్తూ ఉండిపోయారు. మర్నాడు సూరయ్య అనే బండివాడితో మాట్లాడారు. సూరయ్య నవ్వాడట. ఈ ఊరినుంచి ఉప్పు తీసికెళ్ళమన్నోళ్ళే గానీ ఈ ఊరికి మట్టి తెమ్మన్నోళ్ళు లేరు బాబూ అన్నాడట. కానీ తెచ్చాడు. ఎండిన చెరువు ఒండ్రు, ఎర్రమట్టి, పశువుల పేడగెత్తం, వచ్చినప్పుడల్లా ఎన్ని గంపలు పడితే అన్ని. నేను అతని ఎడ్లకి కుడితి కలిపి పెట్టేదాన్ని. జ్యేష్ఠం దాటేసరికి పెరటి మూల ఒక పెద్ద అరుగులా మట్టి లేచింది.

చుట్టుపక్కలవాళ్ళు ఏమన్నారో రాస్తే నువ్వు నొచ్చుకుంటావు. కొట్టువాళ్ళింటి పిల్లకి మతి చలించిందన్నారు. ఆయనతో కొఠారులో ఎవరో, మీ ఆవిడ సమాధి కడతన్నాదేటి అని కూడా అన్నారట. ఆయన నాతో చెప్పలేదు, ఇంకొకరి వల్ల తెలిసింది. ఆ సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, పార అందుకున్నారు. అప్పటినుంచి రోజూ చీకటి పడేదాకా ఇద్దరం కలిసే చేశాం.

ఆషాఢంలో వానలు పట్టాయి. వాన వెలిసినప్పుడల్లా కాలవలో నీళ్ళు దోసిట్లోకి తీసుకుని నాలిక చివర తగిలించుకునేదాన్ని. మొదట సముద్రం నీళ్ళే. తర్వాత మన పప్పుచారంత. తర్వాత కొంచెం కొంచెం. శ్రావణంలో ఒకనాడు ఎంత చప్పరించినా ఉప్పు తెలియలేదు. నా నాలిక మీద నాకు నమ్మకం లేక ఆయన చేత రుచి చూపించాను. ఆయన కళ్ళు మూసుకుని చూసి, "సప్పగా ఉంది" అన్నారు. వండి వడ్డించే ఆడది ఆ మాట విని అంత సంతోషపడడం ఎక్కడైనా ఉంటుందా అమ్మా?

ఆ నెలలోనే విత్తనాలు వేశాను. నాకేమీ రాదు గనక అన్నీ తప్పులే చేశాను. తోటకూర విత్తులు చీమలు ఎత్తుకుపోయాయి. రెండోసారి ఇసకలో కలిపి చల్లాను. బెండ మరీ దగ్గరగా వేసి, పీకడానికి చేతులు రాక, సన్నగా పుల్లల్లా పెరగనిచ్చాను. ఆనపపాదుకి పువ్వులు తెల్లగా విరగబూస్తుంటే ఊరంతా చెప్పుకున్నాను గానీ ఒక్క పిందె నిలవలేదు. టెక్కలి సంతలో ఆనపకాయలమ్మే ముసలావిడని అడిగితే ఆడపువ్వూ మగపువ్వూ వేరువేరుగా పూస్తాయని, పురుగులు రాకపోతే సాయంత్రం పూట మనమే కలపాలని చెప్పింది. సిగ్గుపడుతూనే కలిపాను. అప్పుడు నిలిచాయి.

మొదటి గోంగూర కోసిన రోజు ఒక కట్ట లక్ష్మీనరసమ్మగారికి పంపించాను. ఆవిడ పచ్చడి చేసి, గిన్నెలో నాకే కొంచెం తిరిగి తెచ్చి ఇచ్చారు.  మర్నాడు పొద్దున్న లేచి చూస్తే వాళ్ళ పెరట్లో ఆవిడ గునపంతో తవ్వుతున్నారు.

ఆశ్వయుజం వచ్చేసరికి మా ఇంట్లో కూర కొనడం మానేశాం. ఉప్పు మడుల్లో పనిచేసే ఆడవాళ్ళు ఇళ్ళకి పోతూ మా గోడ దగ్గర ఆగి చూసేవారు. చిన్నబండి దిగినవాళ్ళు కూడా మా వీధిలోంచి వెళ్తూ పందిరి మీద వేలాడే ఆనపకాయలు చూసి, ఇవి ఎవరివని అడిగేవారు. అమ్మా, నేను గర్వం మంచిది కాదని వింటూ పెరిగినదాన్నే. కానీ ఆ మాట వినడం కోసం పనేమీ లేకపోయినా బండి వేళకి వీధి గుమ్మంలో నిలబడేదాన్ని.

దీపావళి వెళ్ళాక పెద్ద గాలివాన పట్టింది. మీకూ తగిలే ఉంటుంది. పందిరి కూలింది. అది పెద్ద బెంగ కాదు, మళ్ళీ వేసుకోవచ్చు. తెల్లారి వాన ఆగింది గానీ సముద్రం మీది గాలి ఆగలేదు. చూస్తుండగానే ఆకులన్నీ తెల్లగా బూజు పట్టినట్టు అయ్యాయి. ఒక ఆకు నాకి చూశాను. ఉప్పు. గాలే ఉప్పునీళ్ళు మోసుకొచ్చి చల్లుతోంది. ఎండ ఎక్కితే అన్నీ మాడిపోతాయి. వంకాయ నారు ఎలా చచ్చిందో నాకు తెలుసు. ఇంట్లో తాగడానికి ఉన్న రెండు బిందెలూ తెచ్చి ఆకుల మీద చల్లాను. అవి ఒక వరసకి కూడా రాలేదు. నుయ్యి చూస్తే ఉప్పన. ఆయన కొఠారులో తడిసిన గుట్టల దగ్గరికి పరుగెత్తి వెళ్ళారు. నేను బురదలో ఖాళీ బిందె పట్టుకుని నిలబడిపోయాను. 

అంతలో గున్నమ్మ నీళ్ళ బిందెలతో వచ్చింది. ఆ బిందెలు లక్ష్మీనరసమ్మగారివి. మా పెరడు చూసి ఆగిపోయింది. గోడ అవతల లక్ష్మీనరసమ్మగారు నిలబడి ఉన్నారు. ఆవిడ నా వంకా, పాదు వంకా చూశారు.

"గున్నమ్మా, ఆ నీళ్ళు ఇటు తేవద్దు. పాదు మీద పొయ్యి" అన్నారు.

"మరి మీకో అమ్మా?"

"మళ్ళీ తెద్దువులే. మా ఇంటాయనకి దాహం ఏస్తే కాసేపు ఆగుతాడు. మొక్క ఆగదు."

ఆ మాటన్న మనిషి చెంబు పట్టుకుని గోడ తిరిగి వచ్చి, నాతో పాటు బురదలో దిగారు. గున్నమ్మ మళ్ళీ మళ్ళీ వెళ్ళి తెచ్చింది. ఇంకో ఇద్దరు ముగ్గురు ఇళ్ళవాళ్ళు తాగడానికి దాచుకున్న బిందెలు తెచ్చి ఇచ్చారు. నాకు మతి చలించిందన్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. ఒక్కొక్క ఆకూ పసిపిల్ల మొహం కడిగినట్టు కడిగాం. బీరపాదు చచ్చిపోయింది. బెండ సగం పోయింది. ఆనపపాదు, చిక్కుడు, వంగ బతికాయి. అలా కడిగి, కూలిన రాటలు ఎత్తుతూ ఉండగా వెంకటరావు బాబాయి గుమ్మంలోకి వచ్చాడు. ఆ పూట నన్ను చూసినవాళ్ళెవరైనా బాబాయి చెప్పినట్టే చెప్తారు. కానీ నా జన్మలో నేను అంత సంతోషంగా ఉన్న పూట అదేనని అతనికి ఎలా తెలుస్తుంది?

ఇంతసేపూ రాస్తూ అసలు మాట వెనక్కి నెడుతున్నాను. ఇప్పుడు రాస్తాను. చదివి కోపగించుకుంటే కోపగించుకో గానీ సగంలో కాగితం మడిచెయ్యకు.

నాన్నగారు బాబాయిని బతిమాలి, వాళ్ళ బట్టల కొట్లో మీ అల్లుడుగారికి పెత్తనం ఇప్పించారని, మన వీధిలోనే ఇల్లు కూడా చూశారని, మాఘమాసంలో మంచి రోజు చూసి వచ్చెయ్యమని రాశావు. నా ఏడుపు చూడలేకే నాన్నగారు ఈ వయసులో ఒకరి గడప తొక్కి అడిగారని నాకు తెలుసు. ఇదే మాట కిందటేడు వచ్చి ఉంటే నేను ఆ రాత్రే పెట్టె సర్దేదాన్ని.

నీ ఉత్తరం వచ్చిన రెండోరోజు ఆయన కొఠారునుంచి కొత్త గోనెలు తెచ్చారు. నేను పందిరికి పురికొస కడుతున్నాను.

"సామాన్లకి తెచ్చాను. ముందు ఏటి కడదాం?" అన్నారు.

"ఏమీ కట్టొద్దు. మాఘంలో నేను చూడ్డానికి వెళ్తాను. ఉండడానికి వెళ్ళను" అన్నాను. ముందు అనుకుని అన్న మాట కాదమ్మా. నోట్లోంచి వచ్చాక అదే నా మనసని తెలిసింది.

ఆయన గోనెలు కింద పెట్టి మట్టి గట్టు మీద కూర్చున్నారు. కాలి దగ్గరి కలుపుమొక్క ఒకటి పీకేశారు. తర్వాత, "నువ్వు ఇక్కడ బాగోలేవని రాజాం వెళ్ళడానికి ఒప్పుకున్నాను. అత్తవారి నీడన కొట్లో కూర్చోడం నాకు మనసులో లేదు. నీతో అనలేదు" అన్నారు. రెండేళ్ళ కాపరంలో ఆయన తన కోసం ఏదైనా కావాలన్న మాట నాతో అనడం అదే మొదలు. నా ఏడుపు ముందు ఆ మనిషి తన ఇష్టం నోరు విప్పి చెప్పడానికి చోటే దొరకలేదు.

వచ్చే ఆదివారం ఆయన రాజాం వస్తున్నారు. రావడం నాన్నగారికి ఎదురుగా చెప్పడానికే. అయితే, కాపరం రాజాం మార్చడం తనకే ఇష్టం లేదని, బుజ్జమ్మ మీ మాట కాదనలేదని చెప్తారట. కూతురు కాదందంటే పెద్దవాళ్ళ మనసు విరుగుతుంది, అల్లుడన్నవాడు మాట పడితే ఫరవాలేదు అంటారు. వద్దని ఎంత చెప్పినా వినలేదు. అందుకే ఆయనకన్నా ముందు ఈ ఉత్తరం చేరాలని ఇవాళే పోస్టు చేస్తున్నాను. ఆదివారం ఆయన కూర్చుని ఏం చెప్పినా నమ్మకండి. వద్దన్నది నేను. ఇక్కడ ఉంటానన్నదీ నేనే. ఎవరూ చెప్పించలేదు. నాన్నగారు కోప్పడదలిస్తే నన్ను కోప్పడమను. ఆయనకి మాత్రం కడుపునిండా భోజనం పెట్టి పంపు. నాన్నగారు బాబాయికి ఏం చెప్పుకోవాలో అన్నదే నాకు బాధగా ఉంది. మాఘంలో వచ్చినప్పుడు బాబాయి కాళ్ళకి నేనే దణ్ణం పెట్టి చెప్తాను.

ఆయన వెంట ఒక సంచి పంపుతున్నాను. అందులో వంకాయలు, చిక్కుళ్ళు, ఒక ఆనపకాయ ఉంటాయి. ఆనపకాయ వెంటనే కోసెయ్యకు. మోకాలి నొప్పి లేకుండా ఉంటే నాన్నగారి చేత దాన్ని కొట్టుకి పట్టించుకెళ్ళమను. ఒక్క పూట బల్ల మీద పెట్టుకోమను. నా మీద కోపం ఉంటే ఉండనీ. ఎవరైనా ఇది ఎక్కడి కాయ అని అడిగితే మాత్రం, నౌపడ కాయ, మా అమ్మాయి కాయించింది అని చెప్పమను.

ఇట్లు,
నీ కడుపున పుట్టి నౌపడలో పాతుకున్న నీ కూతురు,
బుజ్జమ్మ.